అసలు వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే తీసేయాలా? పడుతున్న టెక్ షేరు చేతిలో ఉన్నవాళ్ళ కోసం

మా బాబాయి కొడుకు బాచుపల్లిలో ఉంటాడు, ఉద్యోగం గచ్చిబౌలిలో. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, అరవై షేర్లున్నాయి. 2,400కి కొన్నా, ఇప్పుడు 1,650. ఉంచనా, తీసేయనా?" అన్నాడు. పెద్ద ఐటీ కంపెనీయే, పేరు ఇక్కడ అవసరం లేదు. నీ ఉద్దేశం ఏంట్రా అని అడిగితే, "అసలు వస్తే చాలన్నా, వెంటనే తీసేస్తా" అన్నాడు.

ఈ "అసలు వస్తే చాలు" అన్న మాట షేర్లు కొనే ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నేనూ అన్నాను. వడ్డీ వ్యాపారంలో అయితే ఆ మాటకి అర్థం ఉంది: అప్పు తీసుకున్నవాడికి అసలు ఎంతో తెలుసు, మనకీ తెలుసు, ఇద్దరి మధ్యా కాగితం ఉంది. షేరు విషయంలో ఆ 2,400 అనే అంకె ఒక్క మావాడి యాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. కంపెనీకి తెలియదు, రేపు ఆ షేరు కొనబోయేవాడికీ తెలియదు. అయినా మావాడు ఆ అంకె దగ్గరే కూర్చుని ఉన్నాడు.

వాడి లెక్క ముందు చూద్దాం. రూ.1,44,000 పెట్టాడు, రూ.99,000 మిగిలింది. పడింది 31 శాతమే. కానీ అసలు రావాలంటే ఇక్కణ్ణుంచి 45 శాతం పెరగాలి. సగం పడిన షేరు రెట్టింపు కావాలి. 80 శాతం పడిన షేరు ఐదు రెట్లు కావాలి. "80 పోయింది, ఇంకేం పోతుందిలే" అనుకుంటాం గానీ, 80 శాతం పోయిన షేరు ఇంకో సగం పడితే, ఉన్న డబ్బులో మళ్ళీ సగం పోయినట్టే. రూ.100లో మిగిలిన రూ.20 కాస్తా రూ.10 అవుతుంది.

వాడి ముందు నాలుగు దారులున్నాయి. ఉన్నవి ఉన్నట్టు ఉంచుకోవడం, ఇంకొన్ని తక్కువ ధరకి కొని సగటు ధర దించుకోవడం (యావరేజ్ చేయడం), కొన్ని అమ్మి కొన్ని ఉంచడం, మొత్తం తీసేసి ఆ డబ్బు వేరేచోట పెట్టడం. ఏది మేలంటే వెంటనే జవాబు చెప్పేవాళ్ళు టెలిగ్రామ్ గ్రూపుల్లో బోలెడుమంది. నాకు మాత్రం ఆ షేరు ఎందుకు పడిందో తెలియకుండా చెప్పడం చేతకాదు. (నేను షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర నమోదైన సలహాదారుణ్ణి కాను. పదిహేనేళ్ళుగా సొంత డబ్బు పెట్టి నేర్చుకున్నవాణ్ణి, అందులో కొంత పోగొట్టుకున్నవాణ్ణి.)

పడటాల్లో తేడాలు

షేరు పడటం జ్వరం లాంటిది, పైకి ఒకేలా ఉంటుంది. కారణాలు వేరు. మలేరియాకీ జలుబుకీ ఒకే మందు వేయం కదా.

మొదటిది, రంగం మొత్తానికి గాలి తిరిగినప్పుడు పడటం. అమెరికాలో బ్యాంకులు ఖర్చు తగ్గించుకుంటే ఇక్కడ టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, హెచ్‌సీఎల్ కలిసే పడతాయి. 2024 ఆగస్టులో రూ.4,500 దాటిన టీసీఎస్, 2025 సెప్టెంబరు ఆఖరుకి రూ.2,900 కిందకి వచ్చింది. ఆ మధ్యలో కంపెనీ దాదాపు 12,000 మందిని తగ్గించుకుంటామంది, కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు అని అమెరికా ప్రకటించింది, ఏఐ వస్తే కోడింగ్ పనికి పాత రేట్లు ఎవరిస్తారన్న అనుమానం అందరిలో ఉంది. ఇలాంటప్పుడు చూడాల్సింది మీ షేరు ఒక్కటే పడిందా, పక్కవన్నీ పడ్డాయా అని. పెద్ద ఐటీ షేర్లన్నిటినీ కలిపి చూపే నిఫ్టీ ఐటీ సూచీ 20 శాతం పడి, మీది 22 పడితే అది ఊరి వర్షం. సూచీ 5 పడి మీది 40 పడితే మీ ఇంటి కప్పు కారుతున్నట్టు.

రెండోది, కంపెనీ బాగానే ఉన్నా మనం కొన్న ధర బాగాలేకపోవడం. చిన్న మదుపరి దీన్ని ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే కంపెనీ వార్తలన్నీ మంచివే వస్తుంటాయి. సిస్కో సంగతి చూడండి. 2000 మార్చిలో షేరు 80 డాలర్లు. అప్పుడు ఏడాది ఆదాయం 19 బిలియన్ డాలర్ల లోపు. 2025కి ఆదాయం 56 బిలియన్లు దాటింది, అంటే కంపెనీ మూడింతలైంది. షేరు మాత్రం ఆ 80 డాలర్లని మళ్ళీ చూసింది 2025 డిసెంబరులో. డివిడెండ్లు పక్కన పెడితే, అసలు రావడానికి పాతికేళ్ళు పట్టింది. "మంచి కంపెనీ అన్నా, ఎప్పటికైనా వస్తుంది" అనేవాళ్ళకి నేను చెప్పే ఉదాహరణ ఇదే. వస్తుంది, నిజమే. అప్పటికి పిల్లాడి ఇంజినీరింగ్ కూడా అయిపోతుంది.

మూడోది, వ్యాపారం కింద నేల కదిలిపోవడం. బ్లాక్‌బెర్రీ షేరు 2008 జూన్‌లో 140 డాలర్లు దాటింది. 2012కల్లా 10 డాలర్ల కిందకి పడింది. లెక్కల్లో మోసం లేదు, యాజమాన్యం పారిపోలేదు. జనం బటన్ల ఫోను వదిలేసి టచ్ ఫోను పట్టుకున్నారు, అంతే. టెక్ షేర్లకీ సిమెంటు, పప్పుల కంపెనీ షేర్లకీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే. సిమెంటుకి గిరాకీ రెండేళ్ళు తగ్గితే మూడో ఏడు వస్తుంది. టెక్‌లో ఒకసారి పోయిన గిరాకీ చాలాసార్లు తిరిగి రాదు. అందుకే ఓపికకి టెక్ షేర్లలో దొరికే ప్రతిఫలం అన్నిసార్లూ ఒకేలా ఉండదు.

నాలుగోది, లెక్కలే అబద్ధం కావడం. దీని గురించి తెలుగువాళ్ళకి వేరే ఊరి ఉదాహరణ అక్కర్లేదు.

సత్యం: ఒకే షేరు, ముగ్గురు మనుషులు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికి వచ్చింది. ఖాతాల్లో చూపించిన నగదులో రూ.5,040 కోట్లు లేనే లేవు. ముందురోజు రూ.178 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి రూ.40 అయింది. మర్నాడు మొహర్రం సెలవు. 9వ తేదీన మార్కెట్ తెరిస్తే రూ.11.50కి కూడా చేతులు మారింది.

ఆ తర్వాత జరిగింది చాలామంది సగమే గుర్తుపెట్టుకున్నారు. కేంద్రం పాత బోర్డును రద్దు చేసి కొత్త డైరెక్టర్లని పెట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకి రూ.58 చొప్పున ఇచ్చి కంపెనీని తీసుకుంది. 2013లో రెండూ కలిసిపోయాయి: 17 సత్యం షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లు. 2015లో ఒక షేరుకి ఇంకొకటి ఉచితంగా బోనస్, ఆపైన పది రూపాయల ముఖవిలువ షేరు రెండు ఐదు రూపాయల షేర్లుగా చీలింది. అంటే ఆ 2 షేర్లు 8 అయ్యాయి.

లెక్క సులువుగా ఉండేందుకు 170 సత్యం షేర్లు అనుకుందాం. చివరికి అవి 80 టెక్ మహీంద్రా షేర్లు అవుతాయి. షేరు రూ.1,500 అనుకుంటే రూ.1,20,000.

2008లో రూ.500కి కొన్న ఆయన పెట్టింది రూ.85,000. పదిహేడేళ్ళు పట్టుకుని కూర్చుంటే, డివిడెండ్లు వదిలేస్తే ఏడాదికి రెండు శాతం. అసలు వచ్చింది, ఆయన మాట నెగ్గింది. పోస్టాఫీసులో వేసినా ఇంతకంటే చాలా ఎక్కువే వచ్చేది. ఉత్తరానికి ముందురోజు రూ.178కి కొన్న దురదృష్టవంతుడు పెట్టింది రూ.30,260. అది నాలుగింతలైంది, ఎఫ్‌డీ కంటే కాస్త మెరుగు. కానీ ఆ రోజు యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 3,100 దగ్గర ఉంది, 2025లో 25,000 దగ్గర. అదే డబ్బు సూచీలో ఉంటే ఎనిమిదింతలు.

మూడోవాడు జనవరి 7 సాయంత్రం రూ.40కి అమ్మేసినవాడు. వాడు అమ్మకుండా ఉంటే ఆ రూ.6,800 పదిహేడు రెట్లయ్యేవి. అమ్మి సూచీలో పెడితే ఎనిమిదిన్నర రెట్లు. చూశారా, లెక్కల ప్రకారం అమ్మినవాడే ఓడాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ సాయంత్రం వాడికి తెలిసింది ఏమిటి? నగదు లేదు, జీతాలకి డబ్బుందో లేదో తెలియదు, అమెరికాలో దావాలు రాబోతున్నాయి. ప్రభుత్వం వారం లోపల బోర్డు వేస్తుందనీ, మూడు నెలల్లో కొనేవాడు దొరుకుతాడనీ ఎవరికీ తెలియదు. 2000లో సత్యంతో పాటే ఎగిరిన డీఎస్‌క్యూ సాఫ్ట్‌వేర్, సిల్వర్‌లైన్, పెంటామీడియా వంటి షేర్లని పట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఏ మహీంద్రా రాలేదు. ఆ సర్టిఫికెట్లు, డీమ్యాట్ ఎంట్రీలు ఇప్పటికీ కొందరి దగ్గర అలాగే ఉన్నాయి. కాబట్టి లెక్కలు అబద్ధమని కంపెనీయే ఒప్పుకున్న రోజు నేనైతే దొరికిన ధరకి తీసేస్తాను, తర్వాత అది పదిహేడు రెట్లైనా సరే. మనసు ఒప్పకపోతే పోయినా ఏడవనన్ని, పదో ఇరవయ్యో ఉంచుకోవచ్చు. దాన్ని పెట్టుబడి లెక్కలో కాకుండా లాటరీ టికెట్ లెక్కలో రాసుకోండి.

ఒప్పుకోలుకీ ఆరోపణకీ తేడా ఉంది. 2019 అక్టోబరు 22న ఇన్ఫోసిస్ ఒక్కరోజులో 16 శాతం పడింది, పేరు చెప్పని ఉద్యోగుల ఫిర్యాదు వల్ల. జనవరిలో ఆడిట్ కమిటీ ఆధారాలు లేవని తేల్చింది, షేరు పాత ధర దగ్గరికి వచ్చేసింది. ఆరోపణ దశలో ఉన్నప్పుడు మొత్తం తీసేయడం తొందరపాటు, కొండలా కూర్చోవడం మొండితనం. సగం అమ్మడం అన్నదానికి నిజంగా అర్థం ఉండేది ఇలాంటప్పుడే.

యావరేజ్ అనే తీపి మందు

నాలుగు దారుల్లో నాకు బాగా భయం ఉన్నది ఇది, ఎందుకంటే నాకు బాగా తగిలింది ఇదే. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, పేరు వద్దు. రూ.310కి 200 షేర్లు కొన్నాను. రూ.220కి వస్తే చవగ్గా దొరుకుతోందని ఇంకో 200. రూ.140కి వస్తే ఏకంగా 400. కొన్న ప్రతిసారీ యాప్‌లో సగటు ధర దిగుతుంటే నష్టం తగ్గినట్టే అనిపించేది: 310, 265, 202. మూడోసారి కొన్న రాత్రి మా ఆవిడ టీవీ చూస్తూ చూస్తూ, "ఇంతకీ ఆ కంపెనీ ఏం చేస్తుందండీ?" అని అడిగింది. "సాఫ్ట్‌వేర్" అన్నాను. "సాఫ్ట్‌వేర్ అంటే?" అంది. నా దగ్గర జవాబు లేదు. టీవీ సౌండ్ పెంచాను.

చివరికి రూ.64కి 800 షేర్లూ అమ్మాను. పెట్టింది రూ.1,62,000, వచ్చింది రూ.51,200. మొదటి 200తో ఆగి ఉంటే నష్టం రూ.49,200 అయ్యేది. యావరేజ్ చేయడం వల్ల అది రూ.1,10,800 అయింది. అంతా అయ్యాక ఎక్స్ఛేంజీ సైటులో వెనక్కి వెళ్ళి చదివితే, నేను రెండోసారి కొనడానికి రెండు వారాల ముందే ఆడిటర్ గడువు మధ్యలో తప్పుకున్నట్టు ప్రకటన ఉంది. అందరికీ కనిపించేచోటే ఉంది. నేను ధర చూశాను గానీ అది చూడలేదు.

అంటే యావరేజ్ ఎప్పుడూ తప్పేనా? కాదు. సూచీ ఫండులో నెలనెలా సిప్ కట్టడం కూడా యావరేజే, అది మంచి పనే. సూచీ సున్నా కాదు, ఒక కంపెనీ కాగలదు. ఒంటరి షేరులో యావరేజ్ చేయాలంటే నేను మూడు చూస్తాను. పడింది రంగం మొత్తమా. కంపెనీకి అప్పు లేకుండా చేతిలోకి నిజంగా నగదు వస్తోందా. కొత్తగా పెట్టే డబ్బుతో కలిపితే ఆ ఒక్క షేరు నా మొత్తం పొదుపులో పదో వంతు దాటుతుందా. మూడోదాని దగ్గరే చాలామంది పట్టుబడతారు.

ఉంచుకుని నెగ్గినవాళ్ళు

ఉంచుకోవడం తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. జొమాటో ఐపీఓ (జనానికి మొదటిసారి షేర్లు అమ్మడం) 2021 జులైలో రూ.76కి వచ్చింది, రూ.115 పైన లిస్టయింది. సరిగ్గా ఏడాదికి, ఐపీఓకి ముందునుంచీ ఉన్న పెట్టుబడిదారులు అమ్మకూడదన్న గడువు (లాక్-ఇన్) తీరిపోగానే, వాళ్ళు అమ్ముతారన్న భయంతో రూ.41 దాకా పడింది. సరుకుల డెలివరీ కంపెనీ బ్లింకిట్‌ని ఎందుకు కొన్నారన్న కోపం కూడా తోడైంది. అప్పుడు ఉంచుకున్నవాళ్ళు 2024లో రూ.250 పైన చూశారు. వాళ్ళకి అదృష్టం ఒక్కటే ఉందనుకోకండి, ఆధారం కూడా ఉంది. మధ్యలో నష్టం పెరిగినా 2023 మార్చి త్రైమాసికంలో తగ్గింది, 2023 జూన్ త్రైమాసికంలో రెండు కోట్ల లాభం కనిపించింది. చిన్నదే అయినా అది గుర్తు. ఉంచుకునేవాడు చూడాల్సింది అలాంటి గుర్తుల కోసం.

పేటీఎం ఉదాహరణ ఇంకా గమ్మత్తు. 2021 నవంబరులో ఐపీఓ ధర రూ.2,150, ఒక లాటు ఆరు షేర్లు, రూ.12,900. మొదటిరోజే నాలుగో వంతుకి పైగా పోయింది. 2024 మేలో రూ.310 దగ్గరికి వచ్చి, ఆ ఏడాది డిసెంబరుకి రూ.1,000 తాకింది. అడుగున కొన్నవాడికి మూడు రెట్లు. ఐపీఓలో కొని ఉంచుకున్నవాడికి అప్పటికీ సగం నష్టమే. "షేరు మూడు రెట్లయింది" అన్న వార్త విని ఐపీఓ లాటు ఉన్నాయన సంతోషించాలో ఏడవాలో తెలియని పరిస్థితి.

అమ్ముదామన్నా కొనేవాడుండని రోజు

2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు వచ్చాయి. మర్నాడు షేరు 20 శాతం, ఆ మర్నాడు ఇంకో 20 శాతం లోయర్ సర్క్యూట్, అంటే ఒక్కరోజులో పడగలిగే పరిమితి. రూ.761 నుంచి రూ.487. ఆ రెండు రోజులూ యాప్‌లో ఎడమవైపు, కొనేవాళ్ళ గడిలో, సున్నా. కుడివైపు లక్షల్లో అమ్మకాలు క్యూలో. మనం అమ్మకానికి పెట్టిన ఇరవై షేర్లు ఆ క్యూ చివర ఎక్కడో. స్టాప్‌లాస్ (ఫలానా ధరకి పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డరు) పెట్టాను కదా అంటే, స్టాప్‌లాస్ అమలు కావాలన్నా అవతల ఎవడో ఒకడు కొనాలి. ఆ తర్వాత ఎక్స్ఛేంజీలు రోజువారీ పరిమితిని 10 శాతానికి తగ్గించాయి.

దీనికంటే ఘోరం ట్రేడింగే ఆగిపోవడం. హైదరాబాదుకే చెందిన బ్రైట్‌కామ్ గ్రూప్ మీద సెబీ 2023లో ఉత్తర్వులిచ్చింది. ఫలితాలు సకాలంలో సమర్పించనందుకు 2024 జూన్‌లో ఎక్స్ఛేంజీలు ట్రేడింగ్ నిలిపివేశాయి. ఆ షేరు ఉన్నది ఎక్కువగా చిన్న మదుపరుల దగ్గరే. అప్పుడు ఉంచాలా తీయాలా అన్న ప్రశ్నే లేదు, ఎంపిక మన చేతిలోంచి పోయింది.

అందుకే పెద్ద కంపెనీకి, చిన్న కంపెనీకి ఒకే ఓపిక పనికిరాదు. నిఫ్టీలో ఉన్న ఐటీ షేరు విషయంలో తీరిగ్గా ఒక త్రైమాసికం చూసి నిర్ణయించుకోవచ్చు, రేపు అమ్ముదామన్నా కొనేవాళ్ళుంటారు. రోజుకి కొన్ని వేల షేర్లే చేతులు మారే చిన్న కంపెనీలో ఆడిటర్ తప్పుకోవడం, ప్రమోటర్లు (కంపెనీని నడిపే యజమానులు) షేర్లు తాకట్టు పెట్టడం, ఫలితాలు వాయిదా పడటం, వీటిలో ఒక్కటి కనిపించినా వీలున్నప్పుడే బయటపడటం మేలు. తాకట్టు వివరాలు మూడు నెలలకోసారి షేర్‌హోల్డింగ్ పట్టికలో ఉంటాయి. వాటిని బయటపెట్టాలన్న నిబంధన సెబీ తెచ్చింది కూడా సత్యం గొడవ తర్వాతే.

జీతం, ఫ్లాటు, షేరు, మూడూ ఒకే బుట్టలో

మా తమ్ముడి విషయంలో నాకు అన్నిటికంటే ఇబ్బంది అనిపించింది ఇది. వాడి జీతం ఐటీ. ఈఎంఐ కడుతున్న ఫ్లాటు ధర నిలబడేది ఐటీ ఉద్యోగాల మీద. మరదలు కూడా ఐటీయే. ఇంక షేర్లూ ఐటీవే. రంగానికి చెడ్డ రోజులు వస్తే బోనస్ కట్, హైక్ లేదు, షేరు డౌన్, ఫ్లాటు అమ్ముదామంటే బేరం రాదు. గోరుచుట్టు మీద రోకటి పోటు. అదే షేరు వరంగల్‌లో టీచర్‌గా పనిచేసే మా బావ దగ్గర ఉంటే, ఉంచు బావా, ఏం పర్లేదు అనేవాణ్ణి. షేరు అదే, ధర అదే, సలహా వేరు.

అమెరికా కంపెనీల హైదరాబాదు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఆర్‌ఎస్‌యూలు, అంటే జీతంతో పాటు కంపెనీ ఇచ్చే సొంత షేర్లు, వస్తాయి. "ఊరికే వచ్చినవే కదా, ఉండనీ" అంటుంటారు. ఊరికే రాలేదు. చేతికొచ్చిన రోజు ధరని జీతంలో కలిపి పన్ను కోసేశారు. ఆ రోజు అమ్మకుండా ఉంచుకోవడమంటే, జీతం అందగానే వెళ్ళి అదే కంపెనీ షేర్లు కొన్నట్టే. ఆ డబ్బు క్యాష్‌గా చేతిలో పెడితే కొంటారా? కొనను అనేట్టయితే వచ్చినవి వచ్చినట్టు అమ్మడమే నయం. ఉంచుకుంటే రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మర్చిపోకండి.

పన్ను: నష్టానికీ విలువ ఉంది

ఉంచుకోవడం, తీసేయడం సమానంగా తూగుతున్నప్పుడు త్రాసుని ఒకవైపు వంచేది పన్నే. లిస్టెడ్ షేర్లలో ఏడాదిలోపు లాభానికి 20 శాతం, ఏడాది దాటితే రూ.1.25 లక్షల పైన లాభానికి 12.5 శాతం. ఇది 2024 జులై 23 నుంచి ఉన్న రేటు. నష్టం వస్తే దాన్ని లాభాల్లోంచి తీసేసుకోవచ్చు, జీతంలోంచి కాదు. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళొచ్చు, రిటర్ను గడువులోపు వేస్తేనే.

ఒక కిటుకు చాలామందికి తెలియదు. ఏడాదిలోపు అమ్మి తెచ్చుకున్న నష్టాన్ని రెండు రకాల లాభాల్లోంచీ తీసేయొచ్చు. ఏడాది దాటాక అమ్మితే ఆ నష్టం దీర్ఘకాలిక లాభాలకే పనికొస్తుంది. కాబట్టి కొని పదకొండు నెలలైన షేరు నష్టంలో ఉండి, దాని మీద నమ్మకం పోయి ఉంటే, పన్నెండో నెల నిండేదాకా ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. లాభంలో ఉన్న షేరుకి మనం చేసే దానికి ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి. ఒకే షేరు చాలాసార్లు కొని ఉంటే, ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క.

అమెరికాలో ఉండే మనవాళ్ళకి లెక్క వేరు. అక్కడ మిగిలిన నష్టంలో ఏడాదికి 3,000 డాలర్ల దాకా జీతం వంటి మామూలు ఆదాయంలోంచి కూడా తీసేసుకోవచ్చు. కానీ నష్టానికి అమ్మి, ముందూ వెనకా 30 రోజుల్లో అదే షేరు కొంటే ఆ నష్టం అప్పటికి చెల్లదు. ఆర్‌ఎస్‌యూలు నెలనెలా జమయ్యేవాళ్ళు తెలియకుండానే ఈ గోతిలో పడుతుంటారు.

మావాడు ఏం చేశాడంటే

వాణ్ణి ఒకే ప్రశ్న అడిగాను. "ఇప్పుడు నీ దగ్గర ఆ షేర్లు లేవనుకో. చేతిలో రూ.99,000 ఉంది. రేపు పొద్దున 9:15కి అరవై షేర్లు 1,650కి కొంటావా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అరవై కొనను, ఇరవై కొంటానేమో" అన్నాడు. అయితే నీ దగ్గర నలభై ఎక్కువ ఉన్నాయన్నాను.

ఎందుకు పడిందో ఇద్దరం కూర్చుని చూశాం. రంగం మొత్తం పడింది, ఇది సూచీ కంటే కాస్త ఎక్కువ పడింది. అప్పు లేదు, డివిడెండు ఇస్తోంది, తాకట్టు లేదు. అంటే ఇంటికి నిప్పంటుకున్న పరిస్థితి కాదు, రాత్రికి రాత్రి పారిపోవాల్సిన పని లేదు. కానీ మూడూ ఒకే బుట్టలో ఉన్న సంగతి మాత్రం అలాగే ఉంది. కొని పది నెలలైంది. అదే ఏడాది ఒక బ్యాంకు షేరు అమ్మితే వచ్చిన రూ.28,000 స్వల్పకాలిక లాభం ఉంది వాడికి.

నలభై అమ్మాడు. రూ.66,000 వచ్చింది, నష్టం రూ.30,000. బ్యాంకు షేరు లాభం అందులో కలిసిపోయింది, సెస్సుతో కలిపి రూ.5,800 చిల్లర పన్ను మిగిలింది. వచ్చిన డబ్బులో నెలకి కొంత చొప్పున నిఫ్టీ ఇండెక్స్ ఫండులో వేస్తున్నాడు. ఒక్కసారే వేయరా అన్నాను గానీ వినలేదు, వాడి టెన్షన్ వాడిది. మిగతా ఇరవై ఎప్పుడు తీయాలో రెండు ముక్కలు ఒక పసుపు చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు: "వరసగా రెండు త్రైమాసికాలు ఆదాయం తగ్గితే. ఆడిటర్ మారితే." 2,400 అన్న అంకె ఆ చీటీ మీద లేదు. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూస్తే, దాని కిందే మరదలు పాలవాడి లెక్క రాసుకుంటోంది.